‘అన్నీ ఫ్రీగా వచ్చే’ బాక్స్ కొనొచ్చా? సొంత డిస్కులు కాపీ చేసుకుంటే నేరమా?

ప్రశ్న: ఇంట్లో ఒక గదిని హోమ్ థియేటర్‌గా మార్చుకున్నాం. ప్రొజెక్టర్, ఏవీ రిసీవర్, స్పీకర్లు అన్నీ బిగించాక ఆన్‌లైన్‌లో ‘4కె ఆండ్రాయిడ్ బాక్స్’ ఒకటి కొన్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసిన వీడియోలు బాగానే ఆడుతున్నాయి కానీ ఓటీటీ యాప్‌లలో బొమ్మ మసకగా, పాత డీవీడీలా వస్తోంది. వాపసు తీసుకోమంటే ‘బాక్స్ పనిచేస్తోంది కదా, లోపమేముంది’ అంటున్నాడు అమ్మినతను. తెలిసినాయన ఒకరు దాన్ని పక్కన పడేయమని, అన్ని సినిమాలూ అన్ని ఛానెళ్లూ జీవితాంతం ఫ్రీగా వచ్చే బాక్స్ తానే లోడ్ చేసి ఇస్తానని అంటున్నారు. నా దగ్గర ఏళ్లుగా కొన్న డీవీడీలు, బ్లూరేలు చాలా ఉన్నాయి. వాటిని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకుంటే నేరమా? ఎక్కించాక వేరే ఊళ్లో ఉన్న మా తమ్ముడు కూడా నెట్‌లో చూసుకోవచ్చా? అసలు ఎలాంటి ప్లేయర్ కొంటే ఈ టెన్షన్ ఉండదు?

జవాబు: ముందు ఆ ఫ్రీ బాక్స్ సంగతి తేల్చేద్దాం. వద్దు.

మీడియా ప్లేయర్ దానంతట అది ఎప్పుడూ నేరం కాదు. కోడి, వీఎల్‌సీ లాంటి వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్ వేసుకోవడమూ తప్పు కాదు, అవి ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇచ్చినవే. తేడా అంతా ఆ బాక్సులో అమ్మేవాడు ముందే ఏం ఎక్కించి ఇస్తున్నాడన్న దాంట్లో ఉంది. అనుమతి లేని సినిమాలనూ ఛానెళ్లనూ తెచ్చిపెట్టే యాడ్‌ఆన్‌లు (ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) నింపి, అదే ఆకర్షణగా చూపించి అమ్మితే, అతను అమ్ముతున్నది ప్లేయర్‌ని కాదు, దొంగ ప్రసారాన్ని. 2017 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ‘ఫిల్మ్‌స్పెలర్’ అనే ప్లేయర్ కేసులో సరిగ్గా ఇదే చెప్పింది: అలా యాడ్‌ఆన్‌లు పెట్టి అమ్మడమంటే ఆ సినిమాలను ప్రజలకు అందజేయడమే అని. ఆ తీర్పుకు మన కోర్టులు కట్టుబడనక్కర్లేదు. కానీ మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 63 ఉంది. తెలిసి ఉల్లంఘించినవారికీ, అందుకు సాయపడినవారికీ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. అయితే ఇది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో స్పష్టం చేసింది, అంటే పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిల్ హక్కుగా రాదు.

‘అది అమ్మేవాడికి కదా, కొని చూసేవాణ్ని నాకేం’ అనుకుంటారేమో. చట్టం గురి ముందు అమ్మేవాడి మీదా ప్రసారం చేసేవాడి మీదా ఉంటుందన్నది నిజమే. కానీ ఇలాంటి యాడ్‌ఆన్‌లు కొన్ని వెనకాల టొరెంట్‌తో నడుస్తాయి. టొరెంట్‌లో మీకు సినిమా దిగుతున్నంతసేపూ మీ దగ్గరికి చేరిన ముక్కలు మీ ఇంటి కనెక్షన్ నుంచే ఇంకెవరికో వెళ్తుంటాయి. మీరు సోఫాలో కూర్చుని చూస్తున్నాననే అనుకుంటారు, రికార్డు ప్రకారం మాత్రం పంచిపెడుతున్నారు. అప్పుడు ‘నేను చూశానంతే’ అనే వాదన నిలబడదు.

దీనికంటే నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది. ఊరూపేరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల్లో తయారీ దశలోనే చెడు సాఫ్ట్‌వేర్ చేరిపోతోందని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ పేరుతో హెచ్చరించింది. అలాంటి బాక్స్ మీ ఇంటి ఇంటర్నెట్‌ను ముక్కూమొహం తెలియని వాళ్లకు దారిగా ఇస్తుంది. వాళ్లెవరో చేసిన మోసానికి ఐపీ అడ్రస్ పట్టుకుని వచ్చే పోలీసులు మీ తలుపే తడతారు. మీరు నిర్దోషి అని చివరికి తేలుతుంది, సందేహం లేదు. కానీ ఆలోపు మీ ఫోన్లు, కంప్యూటర్లు స్వాధీనం చేసుకుంటే వాటిని విడిపించుకోవడానికే కోర్టు చుట్టూ తిరగాలి. ఫ్రీ సినిమాలకు ఇంత అవసరమా?

ఇక మీ డిస్కులు. ఇక్కడ మన చట్టం చాలామంది అనుకునేంత కఠినంగా లేదు. 2012 సవరణ తర్వాత సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్ మినహా ఏ రచననైనా సొంత, వ్యక్తిగత అవసరానికి న్యాయబద్ధంగా వాడుకోవడం ఉల్లంఘన కాదు. అందుకోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడమూ ఉల్లంఘన కాదని అదే క్లాజుకు వివరణ ఉంది. సినిమాలూ పాటలూ ఇందులోకి వస్తాయి. చిక్కు ఎక్కడంటే, బ్లూరే, డీవీడీల్లో చాలావాటికి కాపీ కాకుండా డిజిటల్ తాళం వేసి ఉంటుంది, దాన్ని తెరవకుండా కాపీ చేయలేరు. తాళం తీయడం గురించి సెక్షన్ 65ఎ చెబుతుంది: రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ ఆ సెక్షన్‌ను పూర్తిగా చదవండి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. ఈ చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం తీస్తే ఆ సెక్షన్ అడ్డురాదని రెండో ఉపసెక్షన్ చెబుతోంది. ఉద్దేశాన్ని చూసే ఈ పద్ధతి అమెరికాలో లేదు, అక్కడి 1998 నాటి చట్టం సినిమా డిస్కు తాళం తీయడాన్నే తప్పుగా చూస్తుంది. బ్రిటన్‌లో 2014లో సొంత కాపీకి అనుమతిస్తూ నిబంధన తెచ్చారు, మరుసటి ఏడాదే అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి విదేశీ వీడియోల్లో విన్న ‘నేరం, నేరం’ అనే మాటను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకండి.

అలాగని నేను రాసిచ్చే హామీ కూడా కాదిది. న్యాయబద్ధమైన వాడకమా కాదా అన్నది కోర్టు పరిస్థితులను బట్టి చూసే విషయం. మీ పరిస్థితులు మీకు అనుకూలంగా ఉండేలా చూసుకోండి. డిస్కు మీ సొంతమై ఉండాలి, కాపీ తీశాక కూడా మీ దగ్గరే ఉండాలి. హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించేసి ఒరిజినల్స్ సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేసుకుంటే కథ తిరగబడుతుంది, డబ్బు చేతికొచ్చింది, సినిమా కూడా మీ దగ్గరే ఉండిపోయింది, దాన్ని న్యాయబద్ధం అనడానికి నాకే నోరు రాదు. అద్దెకో, స్నేహితుడి దగ్గర అరువుకో తెచ్చిన డిస్కులదీ ఇదే దారి. కొన్న బిల్లులు లేకపోయినా ఫర్వాలేదు, డిస్కులు, వాటి కవర్లు అటక మీద ఒక పెట్టెలో ఉంటే చాలు.

తమ్ముడి విషయంలో మాత్రం ఆగండి. పండక్కి వచ్చినప్పుడు మీ గదిలో కూర్చుని ఎన్ని సినిమాలు చూసినా ఎవరూ అడగరు. ఇంట్లోని సినిమాలను నెట్ ద్వారా పంపే ప్లెక్స్, జెల్లీఫిన్ లాంటి సర్వర్ పెట్టి అతని ఇంటికి పంపడం వేరు. ‘ప్రజలకు అందజేయడం’ అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎఫ్ఎఫ్) వివరణలో ఒకటి కంటే ఎక్కువ ఇళ్లకు ఒకేసారి ప్రసారం చేస్తే దాన్ని ప్రజలకు అందించినట్టే భావించాలని ఉంది. ఒక్క తమ్ముడు తనకు వీలైనప్పుడు చూసుకుంటే అది ‘ఒకేసారి’ కిందికి వస్తుందా అని వాదించవచ్చు, నేనే వాదిస్తాను. కానీ తమ్ముడు, బావమరిది, ఆఫీసు స్నేహితులు అంటూ లాగిన్లు పెరిగేకొద్దీ ‘వ్యక్తిగత అవసరం’ అన్న మీ రక్షణ పలచబడుతుంది. సర్వర్‌ను ఇంటి నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి.

మీరు కొన్న బాక్స్ దగ్గరికొద్దాం. ఓటీటీ బొమ్మ మసకగా ఉండటానికి నాకు కనిపిస్తున్న మొదటి అనుమానం వైడ్‌వైన్ (గూగుల్ వారి కాపీ రక్షణ వ్యవస్థ) స్థాయి. ఓటీటీ కంపెనీలు తమ సినిమాను పంపేముందు ఎదుట ఉన్న పరికరాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చూస్తాయి. ఎల్1 ఉంటే హెచ్‌డీ, 4కె ఇస్తాయి, ఎల్3 మాత్రమే ఉంటే సాధారణంగా 480పి (దాదాపు డీవీడీ స్పష్టత) దగ్గరే ఆపేస్తాయి. పెన్‌డ్రైవ్‌లోని ఫైలుకు ఈ తనిఖీ ఉండదు కాబట్టి అది చక్కగా ఆడుతుంది. ‘డీఆర్‌ఎమ్ ఇన్ఫో’ అనే యాప్ బాక్సులో వేసి తెరవండి, సెక్యూరిటీ లెవెల్ అన్న చోట ఎల్1 అనో ఎల్3 అనో కనిపిస్తుంది. ఆ తెరను బాక్స్ సీరియల్ నంబర్‌తో కలిపి ఫొటో తీసుకోండి.

కేసు వేసేముందు మీ వైపు కూడా చూసుకోవాలి. బాక్స్‌కూ ప్రొజెక్టర్‌కూ మధ్య ఉన్న ఏవీ రిసీవర్ పాతదై హెచ్‌డీసీపీ 2.2 (హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెళ్లే బొమ్మ కాపీ కాకుండా కాపాడే పద్ధతి) లేకపోతే, బాక్స్ ఎంత మంచిదైనా ఓటీటీ 4కె రాదు. బాక్స్‌ను నేరుగా ప్రొజెక్టర్‌కు తగిలించి ఒకసారి ప్రయత్నించండి. ఎందుకంటే లోపం ఉందో లేదో తేల్చడానికి వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపగలదు, ఆ ఫీజు ముందు మీరే కట్టాలి, అక్కడ తప్పు మీ రిసీవర్‌దని తేలితే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

తప్పు బాక్స్‌దే అయితే, ‘4కె అంటే 4కె ఫైలు ఆడుతుందని, ఓటీటీ గురించి నేను చెప్పలేదు’ అని అతను వాదిస్తాడు. మాట వరసకు అది నిజమే కూడా. అందుకే అమ్మకం పేజీలో ఏం రాశాడన్నది కీలకం. అక్కడ ఓటీటీ యాప్‌ల గుర్తుల పక్కన 4కె అని వేసి ఉంటే అది మీకు బ్రహ్మాస్త్రం, ముఖ్యమైన విషయాన్ని కావాలని దాచిన ప్రకటన కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనేనని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అంటోంది. పేజీ మార్చేయకముందే తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే ఆన్‌లైన్ అమ్మకందారు వాపసు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర వేసినంత మాత్రాన ఈ హక్కు పోదు.

ముందు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, 15 రోజులు గడువివ్వండి. కదలకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. అదీ కాకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినతను ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కేసు వేయడానికి ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలన్న నియమమూ లేదు. రెండేళ్లలోపు వేయాలి.

కొత్త ప్లేయర్ గురించి అడిగారు. లాయర్‌ని కాబట్టి మోడల్ పేరు చెప్పను, కానీ దేన్ని రాతలో పెట్టించుకోవాలో చెబుతాను. మీ అవసరాలు నిజానికి రెండు, ఓటీటీ ఒకటి, సొంత డిస్కులు ఒకటి, రెండూ ఒకే బాక్స్ బాగా చేయడం తక్కువ. ఓటీటీకి ఆయా సంస్థలు ధ్రువీకరించిన పరికరం తీసుకోండి. డిస్కు కాపీలకు, బ్లూరేల్లో ఉండే ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ శబ్దాన్ని మార్చకుండా రిసీవర్‌కు పంపే (దీన్నే పాస్‌త్రూ అంటారు) ప్లేయర్ కావాలి. పెట్టె మీద ‘డాల్బీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి, ఓటీటీలో వచ్చే అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ శబ్దం) వేరే రకం, అది ఆడినంత మాత్రాన బ్లూరేలోది ఆడుతుందని కాదు. ఫైళ్లు నెట్‌వర్క్ మీదుగా నడుపుతారా? 4కె బ్లూరే బిట్‌రేట్ (సెకనుకు వెళ్లే డేటా) 100 ఎంబీపీఎస్ దాటే సందర్భాలుంటాయి, చాలా బాక్సుల ల్యాన్ పోర్ట్ 100 దగ్గరే ఆగిపోతుంది, అందుకని గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్ట్ అడగండి, లేదా హార్డ్‌డిస్క్ నేరుగా తగిలించుకోండి.

కొనేముందు అమ్మేవాడికి ఇలా ఒక మెసేజ్ పెట్టండి: ‘ఈ మోడల్‌లో వైడ్‌వైన్ ఎల్1 ఉందా, నేను వాడే ఫలానా యాప్‌లో 4కె వస్తుందా, ట్రూహెచ్‌డీ అట్మాస్ పాస్‌త్రూ ఉందా, వాపసు గడువెంత?’ ‘అన్నీ సపోర్ట్ చేస్తుంది సార్’ అని వస్తే విడివిడిగా మళ్లీ అడగండి, ఆ జవాబులే రేపు మీ సాక్ష్యం. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు తీసుకోండి. పెట్టె విప్పగానే పవర్ అడాప్టర్ తిప్పి చూడండి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు దగ్గర ‘ఆర్-’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు కలవకపోయినా, అసలు నంబరే లేకపోయినా ప్లగ్గులో పెట్టకుండా అదే రోజు వెనక్కి పంపేయండి. అన్నీ సరిగ్గా ఉంటే వాపసు గడువు అయిపోకముందే మీ యాప్‌లన్నీ, మీ డిస్కుల్లో బరువైన ఫైలు ఒకటి ఆడించి చూసుకోండి.