కాక్రోచ్‌లో కోడిపుంజు లేదు

ఇంగ్లిష్‌లో కాక్ అంటే కోడిపుంజు కదా, కాక్రోచ్ అనే మాటకీ దానికీ ఏం సంబంధమని ఒకరు అడిగారు. ఏమీ లేదు. స్పానిష్ వాళ్ల 'కుకరాచా' ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఎలా వినపడితే అలా పలికిన మాట ఇది. 1624లో కెప్టెన్ జాన్ స్మిత్ అనే ఇంగ్లిష్ ఆయన అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల గురించి రాస్తూ 'కకరూచ్' అన్నాడు. ఆ తర్వాత జనం నోళ్లలో నలిగి నలిగి, వాళ్లకి అలవాటైన కాక్, రోచ్ (అదొక మంచినీటి చేప) అనే రెండు మాటల రూపంలోకి వచ్చేసింది. అంతే, అందులో పుంజూ లేదు, చేపా లేదు.

స్మిత్ దాని పేరుతో ఆపలేదు. పెట్టెల్లోకి దూరి తింటాయి, కంపుకొట్టే రెట్టతో పాడు చేస్తాయి అని కూడా రాశాడు. అది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. తాతగారు పోయాక ఆయన పుస్తకాల ట్రంకుపెట్టె చాలాకాలం రాజమండ్రిలో అటక మీదే ఉండిపోయింది. ఒక ఏడు వానలు తగ్గాక నేనూ పెద్దమ్మా కిందికి దించాం. మూత తీయగానే గుప్పుమంది. బొద్దింకలున్న చోట వచ్చే ఆ ముక్కవాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేం. బైండింగుకి పూసిన మైదా జిగురంతా తినేశాయి. అట్టలు చేతికి ఊడొచ్చాయి, వీపుల్లో గుడ్ల తిత్తులు అంటుకుని ఉన్నాయి. "నాన్నగారు దగ్గరుండి అట్టలు వేయించారే" అంటూ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. పాతకాలం బైండర్లు జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లు, పురుగు ముట్టేది కాదు. ఇప్పుడు అడిగినా కలిపేవాళ్లు దొరకడం లేదు. డబ్బులు మాత్రం బాగానే తీసుకుంటున్నారు.

అసలు మాటకొస్తే, కాక్రోచ్ కన్నా శాస్త్రీయ నామాలే ఎక్కువ దారి తప్పించాయని నా గట్టి నమ్మకం. జీవులకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి స్థిరపరిచిన లిన్నేయస్ 1758లో 'అమెరికానా' అని పేరు పెట్టిన పెద్ద బొద్దింక అమెరికాది కాదు, ఆఫ్రికా నుంచి ఓడల్లో వెళ్లింది. 1767లో ఆయనే 'జర్మానికా' అన్న చిన్న బొద్దింక, అదే మన వంటగట్టు మీద తిరిగేది, జర్మనీది కాదు. అది సుమారు 2,100 ఏళ్ల కిందట ఇండియా లేదా మయన్మార్ ప్రాంతంలో ఆసియా బొద్దింక అనే ఇంకో జాతి నుంచి విడిపోయిందని 2024లో జన్యువులు పరిశీలించి తేల్చారు.

మన ఇంటర్ బైపీసీ పిల్లలు ఏళ్ల తరబడి పెరిప్లానెటా అమెరికానా (ఆ పెద్ద బొద్దింకే) బొమ్మలు గీసి, భాగాలు గుర్తించి, రికార్డులు నింపారు. ఆ పేరులో అమెరికా ఎందుకుందో క్లాసులో ఒక్క నిమిషం చెప్పేవాళ్లు కాదు. నాకూ ఎవరూ చెప్పలేదు.