ముక్కు చూసి బండి చెప్పొచ్చు

ప్రశ్న: మేష్టారూ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తాతగారు కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంది, బ్లాక్ అండ్ వైటు, వెనకాల తేదీ గట్రా ఏం లేదు. పెదనాన్నగారేమో అది అంబాసిడరేరా అంటారు, మేనత్త మాత్రం కాదు మారీసు కారు అంటుంది, పండగకి ఇద్దరూ కలిస్తే చాలు ఇదే గొడవ. ముందు అద్దం మధ్యలో నిలువుగా పట్టీ ఉంది, హెడ్‌లైట్లు బాగా కిందకి, జాలీలోనే ఉన్నాయి. ఏం కారండి, ఎప్పటి ఫోటో అనుకోవచ్చు?

జవాబు: పెదనాన్నగారి చేత ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి మేనత్తగారికి పెట్టించండి, ఆవిడే గెలిచారు. అంబాసిడర్‌కి ముందు అద్దం ఒకటే పలక. మధ్యలో పట్టీ, జాలీలో లైట్లు అంటే మోరిస్ మైనర్, అందులోనూ మొట్టమొదటి రకం. అలాగని పెదనాన్నగారిది పెద్ద తప్పేం కాదులెండి, అంబాసిడర్ కూడా ఆ ఇంటి పిల్లే, ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని అమ్మిన బండినే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో కట్టి 2014 దాకా మనకి అమ్మారు. మైనర్‌ని కూడా ఆ కంపెనీయే బేబీ హిందుస్థాన్ అని అమ్మింది.

ఇప్పుడు మీ ఫోటో మీద భూతద్దం పెట్టి ముందు బంపర్ చూడండి. సరిగ్గా మధ్యలో అతుకు కనబడుతోందా? దానికో కథుంది. ఈ కారుని గీసినాయన అలెక్ ఇస్సిగోనిస్, తర్వాత మినీ కారు చేసింది కూడా ఆయనే. బండి అంతా ఖాయమైపోయి ఇంక ఫ్యాక్టరీలో మొదలెట్టడమే అన్నాక ఈయనకి అది మరీ సన్నంగా ఉందనిపించింది, వెంటనే నమూనా కారుని నిలువునా రెండు చెక్కలుగా కోయించి, ఆ రెండూ మెల్లగా దూరం జరిపిస్తూ కంటికి ఆనినచోట ఆపండి అన్నాడు. నాలుగు అంగుళాలు తేలింది. కానీ బంపర్లు అప్పటికే తయారై కూర్చున్నాయి కదా, వాటినీ మధ్యకి కోసి ముక్క అతికారు! బానెట్ మీద మధ్యలో కనబడే పట్టీ కూడా ఆ నాలుగంగుళాల పుణ్యమే. ఇంత చేసినా ఓనరు లార్డ్ నఫీల్డ్‌కి బండి నచ్చలేదు, నీళ్ళలో పగలగొట్టి ఉడికించిన గుడ్డులా ఉందన్నాడు, ఆ గుడ్డే ఇంగ్లండులో పది లక్షలు దాటిన మొదటి కారు అయింది.

ఇక సంవత్సరం. ఈ కారు బయటికొచ్చింది 1948లో, లండన్ మోటార్ షోలో. లైట్లు అంత కిందకి ఉంటే కుదరదని అమెరికాలో పేచీ పెట్టడంతో ముందు అక్కడికెళ్ళే బళ్ళకి పైకి, మడ్‌గార్డుల మీదకి ఎక్కించారు, 1951 మొదలయ్యేసరికి అన్నిటికీ అంతే. కాబట్టి బండి ఆ రెండుమూడేళ్ళలోదే. ఫోటో మాత్రం ఆ తర్వాత ఎప్పుడైనా తీసుండొచ్చు, పదేళ్ళ పాత బండి పక్కన కూడా మనవాళ్ళు కొత్త పంచె కట్టుకుని నిలబడతారు కదా. ఫోటోలో చంటిపిల్లలెవరన్నా ఉంటే వాళ్ళ వయసు లెక్కేసుకోండి. ఇంకో గుర్తు, నాలుగు తలుపుల మైనర్ వచ్చిందే లైట్లు పైకెక్కినప్పుడు, అంటే మీదానికి రెండే తలుపులు. ముందు సీటు వంచి వెనక్కి దూరేవాళ్ళా అని మేనత్తగారిని అడగండి, అవునంటే ఆవిడ ఆ కారెక్కినట్టే. ఎందుకంటే, కోపం తెచ్చుకోకండి, కారు పక్కన నిలబడ్డ ప్రతివాళ్ళదీ ఆ కారు కాదు. మా ఊళ్ళో రైసుమిల్లు ఆసామి కారొకటి కనీసం ఆరిళ్ళ గోడల మీదుంది.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మా మావయ్యగారి కొబ్బరితోటలో స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి షెడ్డులో పడుంది, నాలుగు తలుపులది. తీసుకుని బాగుచేయించొచ్చా అండి?

జవాబు: ముందు కింద పడుకుని ఛాసీ, అంటే బండిని మోసే ఇనప చట్రం చూడండి, రంగు కాదు. హెరాల్డ్‌కి బాడీ వేరు, కింద ఛాసీ వేరు, మన కాలవగట్ల చెమ్మకి తుప్పు పట్టేది అక్కడే. ఇంజన్‌దేముంది, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి ఒకే డొప్పలా ముందుకి లేస్తాయి, టైరు మీద కూర్చుని మరీ పనిచేసుకోవచ్చు. సామాన్లు ఇంగ్లండు నుంచి ఇప్పటికీ తెప్పించుకోవచ్చు, కానీ ఇదే కారు అక్కడ ట్రయంఫ్ హెరాల్డ్, దానికి రెండే తలుపులు, నాలుగు తలుపులది మద్రాసులో మనకోసం చేసింది, వెనక తలుపులు గానీ సొట్టపోయి ఉంటే మంచి రేకు మేస్త్రీని పట్టుకోవాల్సిందే. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో వింటేజ్ రూల్స్ వచ్చాయి, కొత్తగా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20,000, అది చేయించాక రోజూ సంతకి వేసుకెళ్తానంటే ఒప్పుకోరు, షోలకీ రిపేరుకీ అంతే. పాత ఆర్సీ ఉందేమో మావయ్యగారి బీరువా వెతికించండి.

ప్రశ్న: 86 వరదల్లో తడిసి మా నాన్నగారి కారు ఫోటో ఫ్రేములో అద్దానికి అంటుకుపోయింది. తీయడం ఎలాగండి?

జవాబు: తీయకండి. ఫోటో మీద జెలటిన్ పొర తడికి ఉబ్బి అద్దాన్ని పట్టేసుకుంటుంది, పీకితే బొమ్మ అద్దం మీద, కాగితం మీ చేతిలో. అద్దంతోనే స్కాన్ చేయించండి, 600 డీపీఐకి తగ్గకుండా. బూజుంటే తడిగుడ్డ పెట్టొద్దు. తర్వాత ఫ్రేముని తడిగోడకి తగిలించకుండా పొడిగా ఉన్నచోట పెట్టండి.

స్టూడియోకి మాత్రం స్కాన్ ఇవ్వండి, ఫోటో ఇవ్వకండి. నేను ఇచ్చి అనుభవించాను. నర్సాపురం రేవులో పంటు మీద, అదే బళ్ళని గోదావరి దాటించే పడవ మీద, మా బాబాయి కారు, చక్రాల కింద చెక్కలు, పక్కన అద్దం తుడుస్తూ డ్రైవరు, ఆయన నన్ను భుజాన మోసిన మనిషి. క్లీన్ చేయండంటే ఆయన్ని తీసేసి అక్కడ కొబ్బరిచెట్టు పెట్టారు, గోదావరికి నీలంరంగేశారు. అసలు ఫోటో ఏదంటే పాడైపోయిందని పారేశాం సార్ అన్నారు. ఒక్కటి తుడవడం మర్చిపోయారు, కారు అద్దం మీద మసిగుడ్డ పట్టుకున్న చెయ్యి, మణికట్టు దాకా.