ప్రశ్నలు–జవాబులు: అదే కూడలి, అదే జనం

ప్రశ్న: యుద్ధం అనగానే జనం నిన్నటిదాకా తిట్టిన ప్రభుత్వానికే జై కొడతారు. 1982లో అర్జెంటీనాలో ఇలాగే జరిగిందని మా మామయ్య అంటుంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నిజమే, అదీ మూడు రోజుల తేడాతో. మార్చి 30న బ్యూనస్ ఎయిరిస్‌లోని ప్లాజా డె మాయో కూడలి వైపు కార్మికులు సైనిక పాలన మీద ఊరేగింపు తీస్తే, పోలీసులు చితకబాది వందల మందిని లోపలేశారు. ఏప్రిల్ 2న సైన్యం బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవుల్లో దిగింది. అంతే, అదే కూడలి జెండాలతో నిండిపోయింది, బాల్కనీలో సైనిక పాలకుడు జనరల్ గాల్టియేరి, కింద చప్పట్లు. అప్పటికి లాఠీదెబ్బల వాపులు కూడా తగ్గి ఉండవు! (మన దగ్గర ఎన్టీఆర్ పార్టీ పెట్టి అప్పటికి నాలుగు రోజులే.)

అలాగని వాళ్లను వెర్రివాళ్లు అనేయకండి. ఆ దీవులు మనవేనని అక్కడ పిల్లలకు బళ్లోనే నేర్పుతారు, వాళ్లు పెట్టుకున్న పేరు మాల్వినాస్. ఆడవాళ్లు ఊరి నడిబొడ్డున ఒబెలిస్క్ స్తంభం దగ్గర కూర్చుని సైనికులకు స్వెటర్లు అల్లారు, మే నెలలో టీవీలో 24 గంటల విరాళాల కార్యక్రమం పెడితే ఒంటిమీది బంగారం తీసిచ్చినవాళ్లున్నారు, అక్కడ దీవుల్లో మాత్రం వేడి ప్రాంతాల నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది చలికి, ఆకలికి అల్లాడారు. రేడియోలో ఇంగ్లిష్ పాటలు ఆపేశారు. దాంతో అదివరకు సైన్యం అనుమానంగా చూసిన సొంత రాక్ బ్యాండ్లకే దశ తిరిగింది! జూన్ 14న దీవుల్లోని తమ సైన్యం బ్రిటన్‌కు లొంగిపోయిందని తెలిసింది, మర్నాడు జనం అదే కూడలికి వచ్చారు, ఈసారి తిట్టడానికి. మళ్లీ టియర్ గ్యాస్. ఆ వారం గడవకుండానే గాల్టియేరి దిగిపోయాడు, 1983 అక్టోబర్‌లో ఎన్నికలు జరిగాయి, అల్ఫోన్సిన్ గెలిచాడు.

ప్రశ్న: మరి బ్రిటన్ జనం బుద్ధిమంతులా? – పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అబ్బే! మే 2న వాళ్ల సబ్‌మెరైన్ బెల్‌గ్రానో అనే అర్జెంటీనా యుద్ధనౌకను ముంచితే ‘సన్’ పత్రిక పేజీ నిండా ‘గాచా’ అని వేసింది, మన మాటల్లో ‘దొరికావ్ రా’ అన్నట్టు. చనిపోయినవాళ్లు 323 మంది. రెండు రోజులకే బ్రిటన్ నౌక షెఫీల్డ్‌కు అర్జెంటీనా క్షిపణి తగిలి వాళ్లవాళ్లే 20 మంది పోయారు. మరుసటి ఏడాది టీవీలో ఓ టీచరమ్మ, దూరంగా వెళ్లిపోతున్న బెల్‌గ్రానోను ఎందుకు ముంచారమ్మా అని ప్రధాని థాచర్‌ను పట్టుకుని వదల్లేదు. నాకు ఆవిడంటే గౌరవం. కానీ రెండు వారాల్లో ఎన్నికలొస్తే థాచర్ 397 సీట్లతో గెలిచింది.

ప్రశ్న: మిగతా దేశాలు ఎటువైపు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎవరి లెక్క వాళ్లది. సేనలు వెనక్కి రావాలన్న ఐరాస తీర్మానాన్ని వ్యతిరేకించింది పనామా ఒక్కటే, వీటో ఉన్న సోవియట్ యూనియన్ తటస్థంగా కూర్చుంది. అమెరికా నెలరోజులు రాయబారం నడిపి, ఏప్రిల్ చివర బ్రిటన్ పక్కకు చేరింది. లాటిన్ అమెరికాలో దానికి చాలా కోపమొచ్చింది. పొరుగున ఉన్న చిలీ మాత్రం గుట్టుగా బ్రిటన్‌కే సాయపడింది. షెఫీల్డ్‌కు తగిలిన ఎక్సోసెట్ క్షిపణి ఎవరిదనుకున్నారు? బ్రిటన్ మిత్రదేశం ఫ్రాన్స్ అమ్మిందే.

ప్రశ్న: మన విమానవాహక నౌక విరాట్ ఆ యుద్ధానికి వెళ్లిందట కదా? – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వెళ్లింది, అప్పుడు దాని పేరు హెర్మిస్, బ్రిటన్ దండుకు పెద్ద ఓడ అదే. 1987లో మన నౌకాదళంలో చేరింది, 2017లో రిటైరైంది. మీ ఊరికి తెచ్చి మ్యూజియం చేద్దామని ఆంధ్ర ప్రభుత్వం అనుకుంది, కుదరలేదు. 2020లో గుజరాత్‌లోని అలంగ్‌కు తుక్కు కింద వెళ్లిపోయింది. మీకు బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉందిగా, దాన్నే చూసుకోండి.