వాడని పాత కెమెరాలను ఎందుకు వదులుకోలేరు?

"ఫోటోలన్నీ ఫోన్‌తోనే తీస్తారు, మరి బీరువా నిండా ఆ పాత కెమెరాలు దేనికి?" అన్నది ప్రశ్న.

చప్పుడు కోసం. రీలు లేకపోయినా, దాన్ని ముందుకు జరిపే లివరు తిప్పి, క్లిక్కుమనిపించి, తుడిచి లోపల పెట్టేవాళ్ళు ఎందరో. ఒకే మోడల్ రెండోది కొని "దీని చప్పుడు వేరు" అని ఇంట్లోవాళ్ళకు సర్దిచెప్తారు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది గానీ, కెమెరాను బతికించేది ఆ ఖాళీ క్లిక్కే. కదపకుండా ఉంచితే, వెలుతురును లోపలికి వదిలే తలుపులాంటి షట్టరులోని పాత నూనె గట్టిపడి రేకులు అంటుకుపోతాయి. నెలకోసారి అన్ని స్పీడ్లలోనూ (షట్టరు తెరుచుకుని ఉండే సమయాలు) నొక్కాలి. నెమ్మది స్పీడ్లే ముందు మొరాయిస్తాయి.

చప్పుడుతో జబ్బు కూడా తెలుస్తుంది. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35లో లివరు పూర్తిగా తిప్పితే లోపల 'టక్' మనాలి. అనకపోతే చిన్న రబ్బరు ప్యాడ్ చివికిపోయినట్టే. అది మార్పించేదాకా ఎక్స్‌పోజర్‌ను, అంటే రీలు మీద పడే వెలుతురు మోతాదును, నమ్మొద్దు. బ్యాటరీ లేకుండా ఈ కెమెరా షట్టరు ఎప్పుడూ సెకనులో 1/500 వంతులోనే పడుతుంది. అందుకే "క్లిక్కుమంటోంది, వర్కింగ్ కండిషన్" అని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ మాట వింటే ఒళ్ళు మండుతుంది. బ్యాటరీ వేసి, చీకట్లోనూ వెలుగులోనూ నొక్కి చూపించమనండి. చీకట్లో షట్టరు ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి.

యాషికాకు పాత 5.6 వోల్టుల మెర్క్యురీ సెల్ బదులు అడాప్టర్‌తో 6 వోల్టులది వేసినా ఇబ్బంది లేదు. కెనాన్ వాళ్ళ కెనానెట్ క్యూఎల్17 కెమెరా అలా కాదు, 1.35 వోల్టులు అడుగుతుంది. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే వెలుతురు కొలిచే మీటరు తప్పు చెప్తుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులిస్తుంది. చుట్టూ చిన్న రింగు పెట్టి బిగిస్తే సరిపోతుంది. సెల్ గాలి రంధ్రాలను మూసే స్టిక్కర్ పీకాక అది కొన్ని నెలలే పనిచేస్తుంది.

వెనక తలుపు గాడిలోని ఫోమ్ ఏళ్ళు గడిస్తే తారులా కరుగుతుంది, సందుల్లోంచి వెలుతురు దూరి రీలు మీద ఎర్రటి చారలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన టూత్‌పిక్‌తో కొంచెం కొంచెంగా గీకండి. కెమెరాను వంచి పట్టుకోండి, ముక్కలు షట్టరు మీద పడకూడదు. గాడి ఆరాక నల్ల ఉన్ని దారం నొక్కి కూర్చినా చాలు.

ఇక లెదర్ కేసు. అందరికీ ముద్దే, లెన్సుకు మాత్రం శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో తోలు తేమ పీల్చి బూజుకు ఇల్లవుతుంది. ముదిరిన బూజు లెన్సు మీది కోటింగ్‌ను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. కేసు వేరేగా దాచి, కెమెరాను బ్యాటరీ తీసి, సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెట్టండి. తేమ 40–50 శాతం ఉండాలి.

ఎంత ముచ్చటేసినా సెల్ఫ్ టైమర్ లివరు జోలికి పోవద్దు. అది సగంలో ఇరుక్కుంటే షట్టరు కూడా ఆగిపోతుంది, విప్పకుండా సరిచేయడం కష్టం.