చదివితే ధైర్యం రావాలంటారు, నాకేమో ఏడుపొస్తోంది

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. మాది ప్రొద్దుటూరు. నాలుగేళ్ళ కిందట మా ఆయన వేరే ఆమెతో వెళ్ళిపోయాడు. విడాకులేమీ కాలేదు. మా అన్న ఇంట్లో ఉంటూ జాకెట్లు కుడుతున్నాను, చీరలకు ఫాల్స్ వేస్తున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పాప, కష్టాలు దాటి పైకొచ్చిన ఆడవాళ్ళ ఆత్మకథలు పంపిస్తోంది. చదివితే ధైర్యం వస్తుందంటుంది. నాకేమో ఏడుపొస్తోంది. వాళ్ళు అంత చేశారు, నేను తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయాను అనిపిస్తుంది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు, ఉన్నట్టుండి చెమటలు పోస్తాయి. నాలోనే ఏదైనా లోపముందా మేడమ్?

జవాబు: లోపమేమీ లేదమ్మా. పుస్తకం అట్ట మీద ‘స్ఫూర్తిదాయకం’ అని వేసేది చాలాసార్లు రాసినావిడ కాదు, అమ్మేవాళ్ళు. లోపల ఉండేది మీలాంటి ఏడుపే.

మీ పాప పంపినవాటిలో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే తెప్పించుకోండి. చిన్నతనంలోనే వితంతువైంది. మళ్ళీ పెళ్ళి చేసుకుని, కమ్యూనిస్టు పార్టీ కోసం అజ్ఞాతంలో తిరిగింది. ఆ భర్తా వదిలేశాడు. దాదాపు 35 ఏళ్ళ వయసులో హైదరాబాదు వచ్చి, ఆంధ్ర మహిళాసభలో చేరి మెట్రిక్ (ఇప్పటి పదో తరగతిలాంటిది) చదివింది. పక్కన కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఆమెకు కూతుళ్ళ వయసువాళ్ళో! తర్వాత కాకినాడలో అమ్మాయిల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేసింది. కొడుకు పోయాడు, కూతురూ పోయింది. దీన్ని గెలుపు కథ అనడానికి నాకు నోరు రాదు. ఆ పుస్తకం 2012లో వచ్చేసరికి ఆమెకు 90 దాటాయి. మెట్రిక్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న రోజుల్లో ఎవరైనా ఆమెను చూసి ‘ఆదర్శ మహిళ’ అని ఉంటారా? మొగుడు వదిలేసిన ఆడది అనే అని ఉంటారు. మీరిప్పుడు ఉన్నది ఆ రోజుల్లో. వాళ్ళ 90 ఏళ్ళతో మీ 47ను పోల్చుకుంటే ఏడుపు రాక ఏమొస్తుంది?

ఇంకో సంగతి. ఆమెకు చదువుకోవడానికి ఒక చోటు దొరికింది. ఆ మహిళాసభను దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో మొదలుపెట్టింది. ఆమె కూడా చిన్నప్పుడు చేసిన పెళ్ళిని కాదనుకుని బయటికొచ్చిన మనిషే. ఇకమీదట ఏ ఆత్మకథ తీసినా, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు ఫీజు కట్టారు, ఎవరు పని ఇప్పించారు అని వెతుకుతూ చదవండి. ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చిన మనిషి నాకైతే ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మీరు మాత్రం అన్న ఇంట్లో ఉన్నానని సిగ్గుపడుతున్నట్టు మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఎందుకమ్మా సిగ్గు?

ముందు నిద్ర సంగతి చూడండి. ఈ వయసులో నెలసరి ఆగిపోయే ముందు చెమటలు, నిద్రలేమి, దిగులు చాలామందికి వస్తాయి. థైరాయిడ్ వల్లా రావచ్చు. ఆడ డాక్టరుకు చూపించుకుని, రక్త పరీక్ష చేయించుకోండి. మనసు మరీ బరువెక్కితే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

విడాకులు తీసుకోకపోయినా, తనను తాను పోషించుకోలేని భార్య కోర్టులో భరణం అడగొచ్చు. కుట్టుపనితో నాలుగు రూపాయలు వస్తున్నాయని మీరే వెనక్కి తగ్గకండి, అవి చాలవని వకీలుకు చెప్పండి. వకీలుకు డబ్బులెక్కడివి అనుకోవద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కడపలో జిల్లా కోర్టుకు వెళ్ళి ఆ ఆఫీసు ఎక్కడని అడగండి.

పదో తరగతి మాటకొస్తే, ఓపెన్ స్కూల్లో ఎక్కువ వయసని ఎవరూ ఆపరు. తెలుగులోనే రాయొచ్చు. అయితే మీకు నిజంగా చదవాలని ఉంటేనే కట్టండి. పుస్తకాల్లో ఆడవాళ్ళు చదివారు కాబట్టి నేనూ చదవాలి అని పెట్టుకుంటే అదొక కొత్త టెన్షన్. కుట్టుపని పెంచుకోవాలని ఉంటే అదీ తక్కువేమీ కాదు.

పాప మీద కోపం వద్దు. దూరంగా ఉండి ఏం చేయాలో తోచక పుస్తకాలు పంపుతోంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు, చదివి ఏడ్చానని ఉన్నదున్నట్టు చెప్పండి. వచ్చే నెల రెండు రోజులు సెలవు పెట్టి రమ్మనండి, కోర్టు ఆఫీసుకు తోడుగా వస్తుంది.