తామర ట్యూబులో నాలుగు రాజ్యాలు

ప్రశ్న: ఇంటర్ బోటనీలో బట్టీ పట్టిన ఐదు రాజ్యాల వర్గీకరణ (జీవులన్నిటినీ ఐదు గుంపులుగా విడదీయడం) నిజ జీవితంలో ఎవరికైనా పనికొచ్చిందా?

నాకు పనికొచ్చింది. కాకపోతే ఆలస్యంగా, అదీ నలుగురిలో చెప్పుకోలేని చోట.

బైపీసీ చదివి, మెడిసిన్ సీటు రాక, డిగ్రీ అయ్యాక అందరిలాగే మెడికల్ కోడింగ్ (రోగాలకి కోడ్ నంబర్లు వేసే పని) నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చాను. హాస్టల్లో గదికి ఐదుగురం. ఆగస్టు నెల, రోజూ వాన. ఉతికిన జీన్స్ మూడు రోజులైనా ఆరదు. ఆ తడి ప్యాంటే వేసుకుని క్లాసుకి పోయేవాణ్ణి. (నన్నడిగితే ఈ ఊళ్ళో చర్మరోగాలకి అసలు కారణం జీన్సే. మా తాత జన్మంతా పంచె కట్టాడు, ఒక్కనాడూ గోక్కోవడం చూడలేదు.)

పది రోజులకి తొడ లోపలివైపు రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ తేలింది. చుట్టూ అంచు ఉబ్బి, మధ్యలో మామూలు చర్మం. రాత్రిళ్ళు దురదకి నిద్ర ఉండేది కాదు. గదిలో ఉన్న ఖమ్మం కుర్రాడు చూసి, "ఇది తామర రా, మా మిర్చి తోటకి కూడా ఇదే వచ్చింది, నాన్న మందు కొట్టించాడు" అన్నాడు. మిర్చికి వచ్చేది తామర పురుగు, ఆకు రసం పీల్చే చిన్న కీటకం. నాకు వచ్చింది ఫంగస్. పేరొక్కటే గానీ చుట్టరికం లేదు. ఇంగ్లీషువాళ్ళేం తక్కువ తినలేదు, దీన్ని రింగ్‌వార్మ్ అన్నారు. రింగు ఉంది, వార్మ్ ఎక్కడుందో!

సందు చివర మెడికల్ షాపుకి వెళ్ళి సిగ్గుపడుతూ చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఇది రాయి తమ్మీ, మూడు రోజుల్ల సాఫ్ అయితది" అని ఒక ట్యూబు ఇచ్చాడు. నిజంగానే మూడు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. ధన్వంతరి అనుకున్నాను. రాయడం ఆపిన వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్ళీ ట్యూబు. అలా ఆరు ట్యూబులయ్యేసరికి రెండు తొడలూ నిండి నడుము దాకా పాకింది.

ఒక రాత్రి నిద్రపట్టక, ఫోన్ టార్చి వేసి ట్యూబు మీద చీమ తలకాయంత అక్షరాలు చదివాను. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్, క్లోబెటసాల్. ఎక్కడినుంచో మా బోటనీ సార్ గొంతు వినపడింది: విట్టేకర్, 1969, మొనీరా, ప్రొటిస్టా, ఫంగై, ప్లాంటే, ఏనిమేలియా. జీవుల్ని ఇలా ఐదు రాజ్యాలుగా పంచిన శాస్త్రవేత్తే ఈ విట్టేకర్. ఓఫ్లాక్సాసిన్ బాక్టీరియాకి, అంటే మొనీరా. ఆర్నిడజోల్ అమీబా, జియార్డియా లాంటివాటికి, అంటే ప్రొటిస్టా. టెర్బినఫిన్ ఫంగస్‌కి. మరి క్లోబెటసాల్? అది స్టెరాయిడ్. అది పనిచేసేది నా మీద. అంటే ఏనిమేలియా! రోగం ఏ రాజ్యానిదో తేల్చుకోకుండా నాలుగు రాజ్యాల మీద ఒకేసారి దండెత్తిన ట్యూబు అది. మొక్కలొక్కటే బతికిపోయాయి.

కొంప ముంచింది ఆ నాలుగోదే. ఎరుపూ దురదా ఫంగస్‌ మీద నా ఒళ్ళు చేసే గొడవ. స్టెరాయిడ్ ఆ కాపలావాణ్ణి జోకొట్టి పడుకోబెట్టింది. దొంగ తీరిగ్గా ఇల్లంతా తిరిగాడు.

మర్నాడే స్కిన్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ బ్లేడుతో మచ్చ అంచున పొట్టు గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి నన్నూ మైక్రోస్కోపులో చూడమన్నారు. చర్మపు పొట్టు మధ్య అడ్డదిడ్డంగా సన్నటి గాజు దారాలు, అక్కడక్కడా కొమ్మల్లా చీలి ఉన్నాయి.

"ఎన్ని ట్యూబులు రాశావ్?"

"ఆరు, మేడం."

ఆవిడ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

మొక్క వండుకుంటుంది, జంతువు మింగుతుంది, ఫంగస్ ఎంజైములు బయటికి వదిలి అక్కడే అరిగించి పీల్చుకుంటుంది. విట్టేకర్ వీటిని విడదీసింది ఈ తిండి తేడా చూసే. నా మీద ఉన్నదానికి నా చర్మంలోని కెరటినే అన్నం. అయినా కదలదు, నేలలోంచి మొలుస్తుంది అని జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కాలం నుంచి దాన్ని మొక్కల్లో కలిపేశారు, ఇప్పటికీ మన పిల్లలు బోటనీ పుస్తకంలోనే చదువుతారు. పత్రహరితం లేదు. కణ కవచంలో ఉండేది కైటిన్, రొయ్య పెంకులో ఉండేదే. దాచుకునేది గ్లైకోజెన్, మన కాలేయంలో ఉండేదే. జన్యువులు పోల్చి చూస్తే మొక్కలకంటే మనకే దగ్గర. (ప్యూర్ వెజ్ బోర్డు పెట్టి మష్రూమ్ మంచూరియా అమ్మే హోటళ్ళ సంగతి ఇంకోరోజు మాట్లాడతాను.) చుట్టం కాబట్టే చంపడం కష్టం. బాక్టీరియాకి ఉండే కణ కవచం మనకి లేదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని కొట్టి మనల్ని వదిలేస్తుంది. ఫంగస్ కణం చాలావరకు మన కణంలాంటిదే. మన కణాల పొరలో కొలెస్ట్రాల్ ఉంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. టెర్బినఫిన్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీకి అడ్డుపడుతుంది. అలాంటి సందులు దొరికేది తక్కువ.

ఐదు రాజ్యాలూ కరెక్టని కాదు. 1977లో కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త మొనీరానే చీల్చి, చూడ్డానికి బాక్టీరియాలా ఉన్నా వేరే జాతివైన ఆర్కియా అనే సూక్ష్మజీవుల్ని బయటికి లాగాడు. ప్రొటిస్టా అయితే ఎక్కడా ఇమడనివాటిని పడేసే అటక. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో చూసిన మలేరియా క్రిమి అందులోదే. దాని లోపల ఎప్పటిదో శైవలం (నాచు) నుంచి మిగిలిన ప్లాస్టిడ్ ముక్క, అంటే మొక్కల్లో పత్రహరితం ఉండే భాగానికి చుట్టం, ఉందంటే నమ్ముతారా?

మేడం రెండు నెలలు మాత్రలు మింగించారు, మచ్చ పోయాక కూడా రెండు వారాలు. తువ్వాలు వేరు, ప్యాంటు ఇస్త్రీ చేశాకే ఒంటిమీదికి. స్టెరాయిడ్‌కి చర్మం పలచబడి తొడల మీద పడ్డ చారలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు ఆఫీసులో ఈ రోగానికి బీ35.6 అని కోడ్ కొట్టినప్పుడల్లా చెయ్యి అటే పోతుంది.

మొన్న అదే షాపులో దగ్గు మందు కోసం నిలబడితే, నా ముందు ఒక కుర్రాడు ఏదో గొణిగాడు. కౌంటర్ మీదికి అలాంటి ట్యూబే వచ్చింది. బయటికి వెళ్ళి వాణ్ణి ఆపి, స్టెరాయిడ్ గురించీ ఫంగస్ గురించీ ఐదు నిమిషాలు చెప్పాను. అంతా విని, "మీరు డాక్టరా అన్నా?" అన్నాడు.

"కాదు, బైపీసీ."