చవగ్గా వస్తున్న చక్కని ఇల్లు: చోటు బాగా లేకపోతే కొనవచ్చా?

ప్రశ్న: పాతకాలపు ఇల్లు ఒకటి మా దంపతులకు బాగా నచ్చింది. మందపాటి గోడలు, కొయ్య స్తంభాల వరండా, వెనక విశాలమైన పెరడు. ఇంత ఇల్లు వేరేచోట కొనాలంటే మా శక్తికి మించిన పని, ఇది మాత్రం అందుబాటులో ఉంది. ఇబ్బందులన్నీ చోటుతోనే. ఒకవైపు రైలు పట్టాలు, ఇంకోవైపు కలప కోత మిల్లు. కూతవేటు దూరంలో కేంద్ర పురావస్తు శాఖ బోర్డు పెట్టిన పాత గుడి ఉంది. ఇంటికి దారి పక్కింటివారి ఖాళీ స్థలంలోంచి పోతుంది. ముందు ముందు పైన ఒక అంతస్తు వేసుకోవాలని మా ఆశ. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం, అంతా శుభ్రంగానే ఉంది. బంధువులు మాత్రం వద్దంటున్నారు. చట్టప్రకారం మేం ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఈసీ శుభ్రంగా ఉందన్న ధైర్యంతో అడ్వాన్సు ఇచ్చేయకండి. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. గుడి చుట్టూ ఉన్న ఆంక్షలు గానీ, దారి మీద హక్కు లేకపోవడం గానీ, రైల్వేకు అదనపు స్థలం కావాలన్న ప్రతిపాదన గానీ అందులోకి రావు. మీరు అడిగిన సందేహాల్లో ఒక్కదానికీ ఈసీ జవాబు చెప్పదు.

చోటు బాగాలేని ఇళ్ల విషయంలో చట్టం ఎవరి పక్షాన నిలబడుతుందో ముందు తెలుసుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(1)(ఎ) ప్రకారం, ఆస్తిలో గానీ దాని హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉంటే అమ్మేవారు మీకు చెప్పి తీరాలి. కానీ అది వారికి తెలిసి మీకు తెలియనిదై ఉండాలి, మామూలు జాగ్రత్తతో చూస్తే మీరు కనిపెట్టలేనిదై ఉండాలి. రైలు పట్టాలు కళ్లెదుటే ఉన్నాయి. మిల్లు చప్పుడు చెవిన పడుతూనే ఉంది. కొన్నాక వీటిని చూపించి డబ్బు వెనక్కి ఇమ్మంటే ఏ కోర్టూ ఇప్పించదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లోని మినహాయింపు కూడా ఇలాంటిదే: తగిన శ్రద్ధతో నిజం తెలుసుకునే వీలున్నా తెలుసుకోని వారికి, ఎదుటివారి మౌనం వల్ల మోసపోయామన్న వాదన పనికిరాదు. కనిపించే లోపాలకు మీకు దొరికే పరిహారం మీరు బేరమాడి తగ్గించుకున్న ధర ఒక్కటే.

ఇక చప్పుడు సంగతి. చట్టం అప్పగించిన పని చేస్తున్న రైల్వే మీద, రైళ్లు మామూలుగా నడిచే చప్పుడుకు కేసు వేసి గెలవడం దాదాపు అసాధ్యం. మిల్లు సంగతి వేరు. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు 45 డెసిబెళ్లు దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతమైతే ఆ పరిమితి 75, 70. కాబట్టి మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో చూడండి, మీ బలమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

‘మిల్లుందని తెలిసే కొన్నారు కదా, ఇప్పుడు ఫిర్యాదేమిటి’ అని ఎవరైనా అంటే బెదరకండి. 1879లో ఇంగ్లండులో స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ అనే కేసు నడిచింది. ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏళ్లకు పైగా రోళ్లలో దంచుతూ వచ్చాడు. ఆ గోడ పక్కనే తరవాత ఒక డాక్టరు రోగులను చూసే గది కట్టుకుని, చప్పుడు భరించలేక కోర్టుకెక్కాడు. వెనకొచ్చిన డాక్టరే గెలిచాడు. మన న్యూసెన్స్ (పొరుగువారిని ఇబ్బంది పెట్టే పనుల) సూత్రాలకు మూలం ఆ ఇంగ్లీషు తీర్పులే. అయితే ఏది న్యూసెన్స్ అనేది ఆ ప్రాంతం తీరును బట్టి ఉంటుందని చెప్పింది కూడా అదే తీర్పు. మిల్లుల మధ్య ఇల్లు కొనుక్కుని నిశ్శబ్దం కావాలంటే కుదరదు.

నిజం చెప్పాలంటే రైలూ మిల్లూ నన్ను అంతగా భయపెట్టలేదు. రెండు రాత్రులు ఆ ఇంట్లో పడుకుని చూస్తే మీకే తేలిపోతుంది. నాకు భయమంతా గుడి గురించి, దారి గురించి.

పురాతన కట్టడాల చట్టం, 1958ను 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్ర రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలత గుడి గోడ నుంచి కాక రక్షిత ప్రాంతపు హద్దు నుంచి మొదలవుతుంది కాబట్టి, అడుగులతో మీరు వేసుకున్న లెక్క తప్పవచ్చు. మీ ఇల్లు మొదటి వంద మీటర్లలో ఉంటే మేడ ఆశ వదులుకోవాల్సిందే. ఉన్న ఇంటిని పైకి పెంచినా పక్కకు పెంచినా ఆ చట్టం దాన్ని కొత్త నిర్మాణంగానే చూస్తుంది. అక్కడ అనుమతి దొరికేది మరమ్మతులకే. అదీ 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయినా కావాలి, ఆ తరవాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిందైనా కావాలి.

మీది పాత ఇల్లు కాబట్టి ఇంకో సంగతి కూడా ఆలోచించండి. రేపు ఒక గోడ కూలి, ఇల్లు మొత్తం పడగొట్టి మళ్లీ కట్టాల్సి వస్తే? అదే కొలతలతో తిరిగి కట్టడానికి నియంత్రిత ప్రాంతంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నిషిద్ధ ప్రాంతంలో ఆ దారి లేదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఆ వంద మీటర్లలో మీ చేతికొచ్చేది ఆ గోడలు నిలిచినన్నాళ్లు ఉండే ఇల్లు. ధర కూడా ఆ లెక్కనే కట్టాలి. అమ్మేవారి సర్వే నంబరుతో, సైట్ ప్లాన్‌తో సంబంధిత అధికారికి దరఖాస్తు పెట్టించి, దూరం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

దారి విషయంలో నేనింకా గట్టిగా చెబుతాను. పక్కింటివారు మంచితనంతో నడవనిస్తున్నారంటే, ఈజ్‌మెంట్ల చట్టం, 1882 (ఇతరుల స్థలం మీద దారి వంటి వాడుక హక్కుల చట్టం) దృష్టిలో అది ఉత్త అనుమతి. సాధారణంగా వారు ఎప్పుడైనా వద్దనవచ్చు. వారు స్థలం అమ్మేస్తే కొన్నవారు ఆ అనుమతికి కట్టుబడాల్సిన పనిలేదు. ఇరవై ఏళ్లుగా నడుస్తున్నామని అమ్మేవారు అంటారు. సెక్షన్ 15 కింద ఇరవై ఏళ్ల వాడకం హక్కుగా మారాలంటే ఆ నడక బహిరంగంగా, ఆటంకం లేకుండా, ‘ఇది మా హక్కు’ అన్న ధోరణిలో సాగి ఉండాలి. అడిగి నడిచిన దారికి ఎన్నేళ్లయినా ఆ బలం రాదు.

ఒక్క ఆశ ఉంది. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇంటి పాత దస్తావేజులు, వెనక్కి తిరగేయండి. రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకే యజమానివై, విడగొట్టినప్పుడు మీ ఇంటికి వేరే దారి లేకుండా పోయి ఉంటే, సెక్షన్ 13 కింద అవసర దారి హక్కు అడగవచ్చు. చుట్టు తిరిగి వచ్చే దారి ఇంకొకటి ఉన్నా ఆ హక్కు నిలవడం కష్టం. ఇవన్నీ కోర్టులో ఏళ్ల తరబడి తేల్చుకునే సంగతులు. మీలా ఇల్లు కోసం కూడబెట్టుకున్నవారు కొనుక్కోవాల్సినవి కావు. పక్కింటివారు దారి వెడల్పు, పొడవు ప్లాన్‌తో సహా చూపి దారి హక్కు పత్రం రాసి రిజిస్టరు చేస్తేనే కొనండి. ఖర్చు అమ్మేవారిని పెట్టుకోమనండి. పక్కింటివారు ససేమిరా అంటే ఈ ఇల్లు వదిలేయండి.

రైలు పట్టాల పక్కన కాబట్టి భూసేకరణ నోటిఫికేషన్లేమైనా వచ్చాయా అని కలెక్టరు కార్యాలయంలో, రైల్వే డివిజన్ కార్యాలయంలో విచారించండి. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని దస్తావేజులో ధర తక్కువ వేయించుకోవద్దు. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం లెక్క రిజిస్ట్రేషన్ విలువల నుంచే మొదలవుతుంది.

అన్నీ విన్నాక కూడా ఇల్లు వదులుకోబుద్ధి కాకపోతే, అమ్మకపు అగ్రిమెంటులో మూడు షరతులు రాయించండి. గుడి నుంచి దూరం మీద అధికారిక పత్రం, రిజిస్టరైన దారి హక్కు పత్రం, భూసేకరణ లేదని అమ్మేవారి హామీ. వీటిలో ఏది గడువులోగా రాకపోయినా అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలని స్పష్టంగా ఉండాలి. వానాకాలంలో ఇంట్లోకి నీళ్లొస్తాయా అన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే రాయించుకోండి, తరవాత అది అబద్ధమని తేలితే మీ చేతిలో కాగితం ఉంటుంది. న్యాయమైన కారణంతో మీరు వెనక్కి తగ్గితే, ఇచ్చిన సొమ్ముకు ఆ ఆస్తి మీదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి) మీకు చార్జి, అంటే ఆ ఆస్తి నుంచి రాబట్టుకునే హక్కు, కల్పిస్తుంది. అందుకని అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, నోటి మాట మీద నగదుగా ఇవ్వకండి.